తక్కువ బడ్జెట్‌లో వీఎం సర్వర్: పాత ర్యాక్ సర్వరా, చిన్న ఆఫీసు పీసీనా?

లూప్‌బ్యాక్:
ఇంట్లో ఒక మూల పెట్టుకుని 24 గంటలూ నడిపేలా ఒక వీఎం (వర్చువల్ మెషీన్, అంటే ఒకే పీసీ లోపల నడిచే వేరే పీసీ) సర్వర్ పెట్టుకుందామనుకుంటున్నాను. వీఎంలు నడిపే ప్రోక్స్‌మాక్స్ వేయాలని ఖాయం చేసుకున్నా, హార్డ్‌వేర్ దగ్గరే ఆగిపోయాను. నడపాల్సినవి ఇవీ: కుబర్నెటీస్ (ప్రోగ్రాములను అనేక మెషీన్ల మీద పంచి నడిపే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడానికి మూడు లినక్స్ వీఎంలు, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, అప్పుడప్పుడు మాత్రమే తెరిచే ఒక విండోస్ 11, ఫోటోలు దాచుకోవడానికి ఒకటి, ఇంకా డీఎన్‌ఎస్ (సైట్ పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చేది) లాంటి చిల్లర మల్లర.

చూసినవి మూడు. రెండు జియాన్ ఈ5-2670లు, 128 జీబీ డీడీఆర్3 ఉన్న సెకండ్ హ్యాండ్ ర్యాక్ సర్వర్ ఒకటి. ఐ5-8500టీ ఉన్న అరచేతి మందం ఆఫీసు మినీ పీసీ ఇంకోటి, అందులో 16 జీబీయే ఉంది. మూడోది రైజెన్ 5 5600జీతో కొత్తగా అసెంబుల్ చేయించడం. అన్నిట్లో ర్యాక్ సర్వరే చవక, పైగా 16 కోర్లు అనేసరికి మనసు అటే లాగుతోంది. తప్పు చేస్తున్నానా?

పాతఇనుము:
కోర్లు లెక్కపెట్టడం ఆపి ముందు ర్యామ్ లెక్క వేయండి. వీఎం ఊరికే ఉన్నప్పుడు సీపీయూని దాదాపు ముట్టుకోదు, కాబట్టి ఆరు కోర్ల మీద పదిహేను, ఇరవై వీసీపీయూలు (వీఎంలకిచ్చే వర్చువల్ కోర్లు) పంచినా మీలాంటి వాడకానికి ఏమీ కాదు. ర్యామ్ అలా కాదు, ఒకసారి పట్టుకున్నది అంత తేలిగ్గా వదలదు. వాడని ర్యామ్‌ని వెనక్కి తీసుకునే బెలూనింగ్, ఒకేలా ఉన్న ర్యామ్ భాగాలను కలిపేసే కేఎస్‌ఎం ఉన్నాయి కానీ వాటిని నమ్ముకుని ప్లాన్ వేసుకోకూడదు. మీ లిస్టుకి కుబర్నెటీస్ 12, పోస్ట్‌గ్రెస్ 4, విండోస్ 8, ఫోటోలకి 4, చిల్లరవాటికి 2 (అవి వీఎంలు కాకుండా ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్లుగా పెట్టుకోండి, అసలు మెషీన్ కెర్నల్‌నే వాడుకుంటాయి కాబట్టి చాలా తేలిక), హోస్ట్‌కి (అంటే ఆ అసలు మెషీన్‌కి) 2 వేసుకుంటే 32 జీబీ అక్కడికక్కడే సరిపోయింది. మీకు కావలసింది 64. 8500టీ మినీలో రెండు 32 జీబీ స్టిక్కులు వేస్తే 64 అవుతుంది, అక్కడితో దాని పరిమితి అయిపోతుంది.

ఇక కరెంటు. అలాంటి రెండు సాకెట్ల సర్వరే నా దగ్గరుండేది, ఏ పనీ లేనప్పుడు గోడ దగ్గర కొలిస్తే 140 వాట్లు. అంటే రోజుకి 3.36 యూనిట్లు, నెలకి 100 యూనిట్లు, అదీ ఊరికే కూర్చున్నందుకు. ఇప్పుడున్న మినీ 12 వాట్ల దగ్గర ఉంటుంది, నెలకి తొమ్మిది యూనిట్లు కూడా కాదు. ఆ ఫ్యాన్ల మోత సంగతి చెప్పనే లేదు, ఆన్ చేసిన మొదటి నిమిషంలో ఇంట్లోవాళ్లే చెబుతారు.

రాత్రిబండి:
ర్యామ్ సరే, డిస్కు గురించి ఎవరూ అనలేదేంటి? నేను చేతులు కాల్చుకున్నది అక్కడే. అగ్గువలో దొరికిందని ఒక క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కే చవక రకం) ఎస్‌ఎస్‌డీ కొని జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వేసి ఐదారు వీఎంలు పెట్టాను. కాపీ చేస్తుంటే మొదట్లో బ్రహ్మాండంగా ఉండేది, అందులోని వేగమైన ఎస్‌ఎల్‌సీ కాష్ నిండగానే పాత హార్డ్ డిస్కు కంటే అధ్వానం. ఒక వీఎంలో అప్‌డేట్ నడిస్తే మిగతావన్నీ నిలబడిపోయేవి, సీపీయూ చూస్తే 5 శాతం, ఐఓ డిలే (డిస్కు కోసం ఆగే సమయం) చూస్తే 40. ప్రాసెసర్ చాలట్లేదేమోనని రెండు వారాలు దాని వెంటే పడ్డాను, వెర్రి.

సంగతేంటంటే, డేటాబేస్ ప్రతి కమిట్‌కీ ఎఫ్‌సింక్ చేస్తుంది, అంటే డేటా నిజంగా డిస్కులోకి చేరిందని జవాబు వచ్చేదాకా ఆగుతుంది. పవర్ పోయినా కాపాడే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీ అయితే తన ర్యామ్‌లోకి రాగానే 'చేరింది' అనేస్తుంది. మామూలు ఎస్‌ఎస్‌డీ ఫ్లాష్‌లోకి రాసేదాకా అనలేదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఎంటర్‌ప్రైజ్ సాటా ఎస్‌ఎస్‌డీ చూడు బ్రో, కొనే ముందు స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చేది) ఎంత అరిగిందో అడిగి మరీ తీసుకో. ఎం.2లో అలాంటివి ఎక్కువగా 110 మిల్లీమీటర్ల పొడవుంటాయి, మినీలో 80కే చోటు, కాబట్టి 2.5 అంగుళాలదే తీసుకో. ఒక్క డిస్కే అయితే జెడ్‌ఎఫ్‌ఎస్ కోసం పట్టుబట్టకు, తేలికైన ఎల్‌వీఎం-థిన్ స్టోరేజ్ చాలు. జెడ్‌ఎఫ్‌ఎసే కావాలంటే దాని కాష్ ఎంత ర్యామ్ తింటుందో చూసుకో, ప్రోక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే 10 శాతానికే పరిమితం చేస్తుంది, అంతకు ముందువి సగం దాకా వెళ్లేవి.

సీరియల్‌కేబుల్:
పాత సర్వర్ని మరీ అంత తీసిపారేయకండి. తప్పులు తానే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్, మానిటర్ లేకుండానే దూరం నుంచి బయోస్‌లోకి వెళ్లే వీలు, కావలసినన్ని డిస్కు బేలు, పీసీఐఈ స్లాట్లు, ఇవన్నీ కలిసి మినీలో రావు. ఫోటోలు అన్నారు కదా, రెండు పెద్ద హార్డ్ డిస్కులు మిర్రర్‌లో (రెండిట్లోనూ ఒకే డేటా) పెట్టాలంటే మినీలో ఎక్కడ పెడతారు? యూఎస్‌బీ పెట్టెల్లో పెడితే ఏదో ఒక రోజు రాత్రి కనెక్షన్ తెగి డిస్కు మాయమవుతుంది.

కానీ ర్యాకే అక్కర్లేదు. హెచ్‌పీ జెడ్440, డెల్ ప్రెసిషన్ టీ5810 లాంటి పాత వర్క్‌స్టేషన్లు చూడండి, ఒకటే జియాన్, డీడీఆర్4 రిజిస్టర్డ్ (సర్వర్ రకం) ర్యామ్‌కి ఎనిమిది స్లాట్లు, మోత మామూలు పీసీ అంతే. దూరం నుంచి బయోస్ వీలు మాత్రం సర్వర్‌లో ఉన్నంత ఉండదు. మినీ కంటే కరెంటు ఎక్కువే తింటుంది, అది ఒప్పుకోవాలి. ఒక్క జాగ్రత్త, రిజిస్టర్డ్ ర్యామ్ చవకగా వచ్చిందని మామూలు డెస్క్‌టాప్ బోర్డుకి కొనకండి, అది అసలు బూట్ కాదు. 5600జీలో ఈసీసీ పనిచేయదు, అది కావాలంటే ప్రో మోడల్ చూడాలి.

పాతఇనుము:
డిస్కుల విషయంలో ఒప్పుకుంటాను. లూప్‌బ్యాక్ గారూ, ఫోటోలు ఎంత? ఇంకోటి, ఆ మూడు కుబర్నెటీస్ వీఎంలూ కంట్రోల్ ప్లేన్లేనా, అంటే క్లస్టర్‌ని నడిపించేవేనా?

లూప్‌బ్యాక్:
ఫోటోలు 400 జీబీ, మినీలోనే పట్టేస్తాయి. అవును, మూడూ కంట్రోల్ ప్లేన్లే, హై అవైలబిలిటీ (ఒకటి పోయినా మిగతావి నడవడం) నేర్చుకుందామని.

రాత్రిబండి:
అయితే కుబర్నెటీస్ తన డేటా దాచుకునే ఈటీసీడీ మూడు కాపీలు ఒకే ఎస్‌ఎస్‌డీ మీద ఎఫ్‌సింక్‌లు కొడుతుంటాయి, పక్కనే పోస్ట్‌గ్రెస్. నేను చెప్పింది అందుకే. డిస్కు నెమ్మదిస్తే ఆ మూడింట్లో లీడర్ మాటిమాటికీ మారిపోతుంటుంది, నువ్వేమో నెట్‌వర్క్ తప్పనుకుంటావు. నీ దగ్గర ఏదైనా ఎస్‌ఎస్‌డీ ఉంటే ముందు ప్రోక్స్‌మాక్స్ వేసి అందులోని పీవీఈపెర్ఫ్ టెస్టు నడిపి చూడు, సెకనుకి ఎన్ని ఎఫ్‌సింక్‌లో చెబుతుంది.

లూప్‌బ్యాక్:
పాత ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీ మీద నడిపాను అన్నా, 212 మాత్రమే వచ్చింది. మినీ పీసీకే ఆర్డర్ పెట్టాను, 32 జీబీ స్టిక్కు ఒకటి ఇప్పుడు, రెండోది వచ్చే నెల. అప్పటిదాకా విండోస్ ఆపే ఉంచుతాను. ఎంటర్‌ప్రైజ్ సాటా ఒకటి దొరికింది, స్మార్ట్‌లో 91 శాతం జీవితం మిగిలే ఉంది.

రాత్రిబండి:
తీసేసుకో. ఆ 212 దాన్ని పారేయకు, యూఎస్‌బీ కేస్‌లో వేసి బ్యాకప్‌లకి వాడు.