డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) 9.2 వచ్చింది, అయినా తెల్లారేసరికి చేపలు తేలుతున్నాయి. ఎందుకు?

గట్టుమీదోడు:
బెంగళూరులో బెళ్ళందూరుకు ఎగువనున్న గొలుసు చెరువుల్లో ఒకటి. కాలనీ తరఫున మధ్యాహ్నం 12కి గట్టు దగ్గర నీళ్లు పట్టి ల్యాబుకిచ్చాం. పీహెచ్ 9. మిగతావి లీటరుకు మిల్లీగ్రాముల్లో: డీఓ 9.2, బీఓడీ (నీటిలోని మురుగుని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 18, అమ్మోనియా నైట్రోజన్ 6. డీఓ బాగున్నట్టే కదా? చందాలతో ఏరేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) పెట్టిద్దామంటున్నారు. చెరువులోకి రెండు కాలువలొస్తాయి.

నాచుపచ్చ:
9.2 చూసి మురిసిపోకండి. బెంగళూరు ఎత్తులో, 26 డిగ్రీల నీటిలో గాలి నుంచి కరిగి నిలిచేది సుమారు 7.3. ఆ పైదంతా ఎండకి నాచు పుట్టించిందే. రాత్రయితే ఆ నాచే ఆక్సిజన్ని పీల్చేస్తుంది. అదే చోట తెల్లవారుజామున 5:30కి మళ్లీ పట్టండి, 2 కన్నా తక్కువుంటే చేపల సంగతి తేలినట్టే.

సీసా ల్యాబుకి మోసుకెళ్లి డీఓ కొలిపిస్తే దండగ, దార్లోనే మారిపోతుంది. 300 మి.లీ. బీఓడీ సీసాని బుడగ లేకుండా నింపి, గట్టుమీదే మాంగనస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 2 మి.లీ. వెయ్యండి. పిపెట్ మొన నీటిలో మునగాలి. మూతపెట్టి తిరగేస్తే గోధుమరంగు మడ్డి రావాలి. తెల్లగా వచ్చిందా, టైట్రేషన్ (ద్రావణం చుక్కలుగా వేసి డీఓ లెక్కగట్టడం) దాకా వెళ్లక్కర్లేదు, ఆక్సిజన్ లేదు.

ఇంకోటి. పీహెచ్ 9లో, 25 డిగ్రీల దగ్గర, అమ్మోనియాలో మూడో వంతు పైనే విషరూపంలో ఉంటుంది. మీ 6లో అది 2 దాటుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చేపల పెంపకానికి పెట్టిన హద్దు 1.2. తెల్లారి చస్తే ముందు ఆక్సిజన్ చూడండి, మిట్టమధ్యాహ్నం చస్తే అమ్మోనియా.

తూములెక్క:
ఏరేటర్ల సంగతి తర్వాత, ముందు కాలువలు కొలవండి. వారం రోజులు వాన లేకున్నా పారుతోందంటే అది చాలావరకు మురుగే. తిన్నగా ఉన్నచోట 10 మీటర్లు గుర్తుపెట్టి కమలాపండు వదిలి, ఎన్ని సెకన్లకి దాటిందో చూడండి. సగానికి పైగా మునుగుతుంది కాబట్టి గాలికి పక్కకి పోదు. ఒక్కసారి పట్టి వదిలెయ్యొద్దు, పొద్దున స్నానాల వేళ మురుగు పొంగుతుంది. 24 గంటలు, మూడు గంటలకోసారి.

గట్టుమీదోడు:
కొలిచామండీ. పెద్ద కాలువ 2 మీటర్ల వెడల్పు, 30 సెం.మీ. లోతు, పండు సగటున 25 సెకన్లకి దాటింది. బీఓడీ 80. చిన్నదాని పారుదల 1.5 ఎంఎల్డీ (రోజుకి పది లక్షల లీటర్లైతే ఒక ఎంఎల్డీ), బీఓడీ 210. కంపుకొట్టే చిన్నదాన్నే ముందు ఆపాలంటున్నారు మావాళ్లు.

తూములెక్క:
ముక్కుతో తేల్చకండి. పెద్దదాని వేగం సెకనుకి 0.4 మీటర్లు, పైనీరు అడుగునీటికన్నా జోరు కాబట్టి 0.85తో గుణిస్తే 0.34. వెడల్పుని లోతుతో గుణిస్తే వైశాల్యం 0.6 చదరపు మీటర్లు. సెకనుకి 0.204 ఘనపు మీటర్లు, అంటే 17.6 ఎంఎల్డీ. ఎంఎల్డీని బీఓడీతో గుణిస్తే రోజుకి కిలోలు: పెద్దది 1,408, చిన్నది 315. పెద్దదాని వెంబడే ఎగువకి నడిచి, మురుగు పైపు ఎక్కడ కలుస్తోందో పట్టుకోండి.

పక్కకాలువ తవ్వి మురుగుని చెరువు దాటిస్తే మాత్రం పని అయిపోయినట్టు కాదు. అది బెళ్ళందూరు, వర్తూరు మీదుగా దక్షిణ పినాకిని నదికే చేరుతుంది. పైగా వేసవిలో మీ చెరువెండుతుంది. బెంగళూరులోనే ఉన్న జక్కూరు చెరువులోలా శుద్ధిచేసిన నీటిని తుంగ, జమ్ము పెరిగిన మడుగుల గుండా చెరువులోకి వదలడం మేలు.

నాచుపచ్చ:
ఏరేటర్లు అద్దెకి దొరికితే రాత్రి 2 నుంచి సూర్యోదయం దాకా తిప్పండి, చేపలు బతుకుతాయి. అంతకుమించి ఆశించొద్దు. గుర్రపుడెక్క తీయిస్తే గట్టుమీద కుప్పపెట్టకండి, మొదటి వానకే ఆ కుళ్లంతా మళ్లీ చెరువులోకి దిగుతుంది.