25 కీల మినీ మిడి కంట్రోలర్: స్వరం ఆలస్యం, గమకం మెట్లుమెట్లుగా. పెద్ద కీబోర్డు కొనాలా?

ఒకటిన్నర_శ్రుతి

సరంజామా ఇదీ: 25 మినీ కీలు, 8 ప్యాడ్లు, 8 నాబ్లు ఉన్న యూఎస్‌బీ కంట్రోలర్. పిచ్ బెండ్‌కి, అంటే స్వరాన్ని పైకీ కిందకీ వంచడానికి, వీల్ లేదు, చిన్న జాయ్‌స్టిక్ ఉంది. విండోస్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. ఆడియో ఇంటర్‌ఫేస్ (బయట తగిలించే సౌండ్ కార్డు) లేదు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వైటల్ అనే సింథ్, కొన్ని ఉచిత ఎస్‌ఎఫ్‌జెడ్ (రికార్డు చేసిన శాంపిళ్ల) వాద్యాలు వాడుతున్నాను. కర్ణాటక రాగాల ఆధారంగా లైట్ మ్యూజిక్ ట్యూన్లు కట్టాలని ఉద్దేశం. వెనక తంబూరా, డ్రమ్స్ ఉంటాయి.

ఇబ్బందులు:

1. కీ నొక్కాక స్వరం కాస్త ఆగి వస్తోంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో మరీ ఎక్కువ.
2. జారు కోసం వైటల్‌లో బెండ్ రేంజ్ (స్వరం ఎన్ని సెమిటోన్లు వంగాలన్నది) 12 పెట్టాను. జాయ్‌స్టిక్ తోస్తే స్వరం నున్నగా జారదు, మెట్లు దిగుతున్నట్టు వినిపిస్తోంది. పైగా తంబూరా కూడా దాంతోపాటే వంగిపోతోంది.
3. కీలు మోగుతున్నాయి, ప్యాడ్లు కొడితే మాత్రం శబ్దం లేదు.
4. రెండు స్థాయిలే ఉన్నాయి కాబట్టి మంద్రం నుంచి తారస్థాయి దాకా ఒకే ఊపులో వెళ్లలేను.

49 కీలది కొంటే ఇవి తీరతాయా? లేక దీంతోనే నెట్టుకు రావచ్చా?

బఫర్_256

మొదటిదానికి కీబోర్డుతో సంబంధం లేదండీ. 49 కొన్నా, 88 కొన్నా ఆ ఆలస్యం అలాగే ఉంటుంది. కంట్రోలర్ పంపేది శబ్దం కాదు, ఏ కీ, ఎంత గట్టిగా అన్న కబురు మాత్రమే. అది ల్యాప్‌టాప్‌కి చేరడానికి పట్టే సమయం చాలా తక్కువ. ఆలస్యమంతా ఆ తర్వాతే, డ్రైవర్ (శబ్దాన్ని సౌండ్ కార్డుకి అందించే సాఫ్ట్‌వేర్) దగ్గర.

ముందు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టండి. వాయించేటప్పుడు వైరు ఉన్నవే వాడాలి. బ్లూటూత్ ఆలస్యం మామూలుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది, రీపర్‌లో ఏ సెట్టింగ్ మార్చినా అది తగ్గదు.

తర్వాత రీపర్ ప్రిఫరెన్సెస్‌లో ఆడియో, దాని కింద డివైస్ చూడండి. అక్కడ డైరెక్ట్‌సౌండ్ గానీ వేవ్‌అవుట్ గానీ ఉంటే మార్చేయాలి. ఇంటర్‌ఫేస్ లేదు కాబట్టి మీకున్నవి రెండు దారులు: ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్, లేదంటే విండోస్‌లోనే ఉన్న వాసాపి ఎక్స్‌క్లూజివ్. ఏసియో ఫర్ ఆల్ ప్యానెల్‌లో మీరు వింటున్న అవుట్‌పుట్ ఒక్కటే ఆన్ చేసి, మైకు, హెచ్‌డీఎంఐ వగైరా ఆపేయండి. అది నడుస్తున్నంతసేపు బ్రౌజర్‌లో పాట వినిపించకపోవచ్చు. సౌండ్ కార్డుని రీపర్ ఒక్కటే పట్టుకుంటుంది, భయపడకండి.

బఫర్ అంటే శబ్దాన్ని బయటికి పంపే ముందు పోగు చేసే శాంపిళ్లు. దాని లెక్క సులువే. శాంపిళ్లను శాంపిల్ రేటుతో భాగించడమే. 48,000 దగ్గర 256 శాంపిళ్లంటే 5.3 మిల్లీసెకన్లు, 512 అయితే 10.7, 1024 అయితే 21.3. డ్రైవర్ తన వంతు ఇంకొంచెం కలుపుతుంది. మీరు 256తో మొదలుపెట్టండి. చిటపటలు వస్తే 512కి వెళ్లండి. 8 జీబీ మెషీన్‌లో 64 కోసం పట్టుబట్టడం దండగ.

చాలామంది చూడని చోటు ఇంకొకటుంది: అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్. అక్కడ లుక్‌అహెడ్ (శబ్దాన్ని ముందే చూసుకునే పద్ధతి) ఉన్న లిమిటరో, లీనియర్ ఫేజ్ ఈక్యూనో పెట్టి ఉంటే బఫర్ ఎంత తగ్గించినా ఆలస్యం పోదు. ఎఫ్‌ఎక్స్ విండో అడుగున ఆ ప్లగిన్ ఎన్ని శాంపిళ్లు తింటోందో రీపర్ చూపిస్తుంది. వాయించేటప్పుడు వాటిని తీసేసి, మిక్సింగ్ అప్పుడు పెట్టుకోండి.

ఆలస్యం వింటూ వాయిస్తే ఇంకో నష్టం ఉంది. చెయ్యి దానంతటదే తొందరపడుతుంది. రికార్డయిన నోట్లు గ్రిడ్‌కి కాస్త ముందు పడతాయి, తాళజ్ఞానం లేదేమో అని మిమ్మల్ని మీరే అనుమానించుకుంటారు.

మంద్రస్థాయి

రెండో ప్రశ్న అసలైనది. కాస్త విడమరిచి చెబుతాను.

మిడి ప్రమాణంలో పిచ్ బెండ్ 14 బిట్ల విలువ. 0 నుంచి 16383 దాకా వెళ్తుంది, మధ్య 8192. కాగితం మీద అది చాలా నున్నన. కానీ చవక కంట్రోలర్లలో కొన్ని అందులో పై 7 బిట్లే వాడుకుంటాయి, కింది బైటు ఎప్పుడూ సున్నా. అంటే అటూ ఇటూ కలిపి 128 మెట్లే, ఒక్కో వైపు 64. మీరు రేంజ్ 12 పెట్టారు. సెమిటోన్‌కి 100 సెంట్లు కాబట్టి 1200 సెంట్లను 64తో భాగిస్తే మెట్టుకి దాదాపు 19 సెంట్లు. ఆ గెంతు చెవికి తెలిసిపోతుంది. అదే రేంజ్ 2 పెడితే 200ని 64తో భాగించాలి, మెట్టుకి 3 సెంట్లు. అది నున్నగానే వినిపిస్తుంది.

మీది ఆ బాపతేనా అని చూడాలంటే మిడి-ఆక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, జాయ్‌స్టిక్‌ని మెల్లగా తోయండి. పిచ్ బెండ్ వరుసల్లో మొదటి డేటా బైటు ఎప్పుడూ సున్నాగా, రెండోది మాత్రమే మారుతూ ఉంటే 7 బిట్లదే. చూసేటప్పుడు రీపర్ మూసేయండి. విండోస్‌లో పాత తరహా మిడి డ్రైవర్లు ఒక పోర్టుని ఒకసారి ఒక ప్రోగ్రామ్‌కే ఇస్తాయి. కంట్రోలర్‌తో వచ్చిన ఎడిటర్ తెరిచి ఉంచితే రీపర్‌కి పోర్టు దొరకనిదీ ఇందుకే.

మన సంగీతానికి 12 అవసరమా అంటే, గమకాలకు అక్కర్లేదు. సా ని సీ మీద పెట్టుకుని తోడి తీసుకోండి. అందులో గాంధారం ఊగేది ఇటు రిషభం వైపుకీ, అటు మధ్యమం వైపుకీ. సాధారణ గాంధారం కీ నొక్కి పట్టుకుంటే రెండు సెమిటోన్లు కిందకి శుద్ధ రిషభం, రెండు పైకి శుద్ధ మధ్యమం. బెండ్ రేంజ్ 2 దగ్గర జాయ్‌స్టిక్ రెండు కొసలు సరిగ్గా ఆ రెండు స్వరాల మీదే ఆగుతాయి. కొస దాకా తోసినా అపస్వరం రాదు. రేంజ్ 12 పెడితే అదే కదలికకు కర్రని ఆరో వంతు దూరం తోసి ఖచ్చితంగా ఆపాలి. బొటనవేలితో అయ్యే పని కాదు.

పెద్ద జారు, అంటే సా నుంచి పా దాకా, బెండ్‌తో చేయకండి. వైటల్‌లో వాయిసెస్ 1కి తగ్గించి, లెగాటో ఆన్ చేసి, గ్లైడ్ 80 నుంచి 120 మిల్లీసెకన్ల మధ్య పెట్టండి. మొదటి కీ వదలకుండా రెండోది నొక్కితే స్వరం జారుతుంది. వదిలేసి నొక్కితే విడిగా పలుకుతుంది. జారు కావాలో వద్దో వేళ్లే తేల్చుకుంటాయి. అప్పుడు బెండ్ కంపితానికీ (స్వరాన్ని ఊపడానికి), గ్లైడ్ జారుకీ. రెండింటినీ ఒకే కర్ర మీద మోపకండి.

ఎస్‌ఎఫ్‌జెడ్ వాద్యాల్లో గ్లైడ్ చాలాసార్లు ఉండదు. ఆ ఫైలు మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. బెండ్ రేంజ్ అందులో సెంట్లలో రాసి ఉంటుంది, రాయకపోతే అటు 200, ఇటు 200. మార్చవచ్చు గానీ వీణ, వయొలిన్ శాంపిళ్లను మూడు నాలుగు సెమిటోన్లకు మించి వంచితే నాదం బొమ్మ గొంతులా అయిపోతుంది. రికార్డు చేసిన శబ్దంతో పాటు వాద్యం పెట్టె అనునాదం కూడా పైకి జరగడమే కారణం.

తంబూరా వంగడానికి కారణం ఛానెల్. బెండ్ ఒక్కో స్వరానికి కాదు, ఛానెల్ మొత్తానికీ వర్తిస్తుంది. తంబూరా ట్రాక్‌కి రికార్డ్ ఆర్మ్ (కంట్రోలర్ కబురు ఆ ట్రాక్‌కి వెళ్లేలా చేసే బటన్) తీసేయండి, చాలు. రెండూ ఒకే సింథ్‌లో ఒకే ట్రాక్ మీద ఉంటే విడదీయండి.

ఇంకొకటి. జాయ్‌స్టిక్‌కి స్ప్రింగ్ ఉంటుంది, వేలు తీయగానే మధ్యకి దూకుతుంది. సింథ్ రిలీజ్ (కీ వదిలాక స్వరం ఆరిపోయే సమయం) పొడుగ్గా ఉంటే కీ వదిలాక మిగిలిన తోక కూడా దాంతోపాటే వంగుతుంది. కంపితం ఎక్కువున్న ప్యాచ్‌లో రిలీజ్ 150 మిల్లీసెకన్ల లోపు ఉంచి, మిగతా పొడుగు రివర్బ్‌తో తెచ్చుకోండి. రివర్బ్‌లోకి వెళ్లిపోయిన శబ్దాన్ని బెండ్ ఏమీ చేయలేదు.

దరువు_దరువు

ప్యాడ్ల సంగతి నేను చెప్త. శానా కంట్రోలర్లల్ల కీలు ఒకటో ఛానెల్ మీద, ప్యాడ్లు పదో ఛానెల్ మీద పోతయి. జనరల్ మిడిల డ్రమ్స్‌కి పదో ఛానెలే కాబట్టి గట్ల పెడ్తరు. మీ ట్రాక్ ఇన్‌పుట్ ఒకటో ఛానెల్‌కే కట్టి ఉంటే ప్యాడ్ కొట్టినా ఏం రాదు. డ్రమ్స్ ట్రాక్‌కి ఇన్‌పుట్ పదో ఛానెల్ ఇయ్యుండ్రి, మెలొడీ ట్రాక్‌కి ఒకటో ఛానెల్. రెండు ట్రాకులు ఆర్మ్ చేసినా ఒకదాన్ల ఒకటి కలవదు.

అయినా రాకుంటే నోట్ నంబర్ చూడాలె. కిక్ 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, తెరిచింది 46. ఎడిటర్ల ప్యాడ్లకు గివే నంబర్లు ఇయ్యుండ్రి. పేర్లతోని పోకుండ్రి, నంబర్ల తోనే పోవాలె. 60 నంబర్ నోట్‌ని ఒక సాఫ్ట్‌వేర్ సీ4 అంటది, ఇంకోటి సీ3 అంటది, ఎఫ్‌ఎల్ స్టూడియో సీ5 అంటది. పేరు పట్టుకుంటే ఒక స్థాయి తప్పుతది.

చవక ప్యాడ్లు మెల్లగ కొడితే పలకవు, జర గట్టిగ కొడితే సక్కగ 127కే, అంటే అన్నిటికన్న ఎక్కువ బలానికే, పోతయి. వెలాసిటీ కర్వ్ ఉంటే ఎడిటర్ల మార్చుండ్రి. లేకుంటే రీపర్ల వెలాసిటీ మార్చే జేఎస్ ప్లగిన్ డ్రమ్స్ కన్నా ముందట పెట్టాలె. ఫుల్ లెవెల్ బటన్ పొరపాటున ఆన్ ఉన్నదేమో గది గూడ చూడుండ్రి. అది ఆన్ ఉంటే ఎంత మెల్లగ కొట్టినా 127ఏ.

నాబ్ తిప్పంగనే సౌండ్ ఎగిరి దుంకితే, రీపర్ల ఆ పారామీటర్‌కి లర్న్ పెట్టేటప్పుడు సాఫ్ట్ టేకోవర్ టిక్ చెయ్యుండ్రి. నాబ్ అసలు విలువ దగ్గరికి వచ్చేదాక కదలదు.

మంద్రస్థాయి అన్న చెప్పిన్నట్టు రేంజ్ 2 మంచిదే. కని నాదొక మాట: లైట్ మ్యూజిక్‌ల ఫోక్ లీడ్ వాయిస్తే 2 తక్కువైతది. 3 పెట్టుకుంటే మెట్టుకు 5 సెంట్ల లోపలనే ఉంటది, చెవికి అందది.

ఒకటిన్నర_శ్రుతి

ముగ్గురికీ ధన్యవాదాలు. ఏసియో ఫర్ ఆల్‌తో 256 దగ్గర చిటపటలు లేవు. ప్యాడ్లు ఛానెల్ మార్చగానే పలికాయి. మిడి-ఆక్స్‌లో మొదటి బైటు ఎప్పుడూ సున్నాయే. మిగిలింది స్థాయిల గొడవ. ఆక్టేవ్ బటన్ నొక్కినప్పుడు ఒక్కోసారి స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటోంది. సస్టైన్ పెడల్‌కి జాక్ కూడా లేదు.

మంద్రస్థాయి

కీ పట్టుకుని ఉండగా ఆక్టేవ్ మార్చితే కొన్ని కంట్రోలర్లు నోట్ ఆన్ ఒక నంబర్‌తో, నోట్ ఆఫ్ ఇంకో నంబర్‌తో పంపుతాయి. మొదటి స్వరానికి ఆఫ్ ఎప్పటికీ రాదు. వేళ్లు పూర్తిగా ఎత్తాకే బటన్ నొక్కాలి. అప్పటికీ ఇరుక్కుంటే సీసీ (కంట్రోల్ కబురు) 123, అంటే ఆల్ నోట్స్ ఆఫ్, ఒక ప్యాడ్‌కి ఇచ్చి పెట్టుకోండి.

పేరుకి తగ్గట్టే మీ శ్రుతి ఒకటిన్నర అయితే ట్రాన్స్‌పోజ్ ప్లస్ 1 పెట్టండి. సా అప్పుడు సీ కీ మీదే ఉంటుంది, వేళ్ల అమరిక మారదు, రికార్డయ్యేది మాత్రం సీ షార్ప్. ఆక్టేవ్ కూడా సర్దుకుని ఎడమ కొస సీ కీని మధ్యస్థాయి సా చేయకండి. అలా చేస్తే కింద ఒక్క స్వరం కూడా మిగలదు. ట్రాన్స్‌పోజ్‌ని అక్కడి నుంచి అయిదు సెమిటోన్లు కిందకి జరిపి, మంద్ర పంచమం ఎడమ కొసకి వచ్చేలా పెట్టుకుంటే మంద్ర పా నుంచి తార పా దాకా 25 కీలలో సరిపోతుంది. చాలా ట్యూన్లకు అది చాలు. కాకపోతే అప్పుడు సా ఎఫ్ కీ మీదకి వస్తుంది, ఆ అమరిక వేళ్లకు విడిగా అలవాటు చేసుకోవాలి. అంతకు మించి కావాలంటే పల్లవి ఒకసారి, అనుపల్లవి ఆక్టేవ్ మార్చి ఇంకోసారి, విడి టేకులుగా రికార్డు చేయడమే.

బెండ్‌ని స్వరాలతో కలిపి ఒకే టేకులో వాయించాలన్న నియమం కూడా లేదు. ట్రాక్ రికార్డ్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి మిడి ఓవర్‌డబ్ ఎంచుకోండి. మొదట స్వరాలు మాత్రమే, రెండో విడత లూప్‌లో జాయ్‌స్టిక్ మాత్రమే. మెట్లు ఇంకా వినిపించే చోట మిడి ఎడిటర్ పిచ్ లేన్‌లో చేత్తో గీతను దిద్దండి. ఆ లేన్‌లో 14 బిట్లూ ఉంటాయి, కంట్రోలర్ పరిమితి అక్కడ వర్తించదు.

పెడల్‌కి బదులు ఒక ప్యాడ్‌ని సీసీ మోడ్‌లో పెట్టి 64 నంబర్ (సస్టైన్), మొమెంటరీ ఇవ్వండి. నొక్కితే 127, వదిలితే 0. టాగుల్ పెట్టారంటే వదిలినా పట్టే ఉంటుంది. ఎడమచెయ్యి ఒకేసారి ప్యాడ్‌నీ జాయ్‌స్టిక్‌నీ చూసుకోలేదు కాబట్టి సాగే స్ట్రింగ్స్ సౌండ్లకు ఇది వాడండి, గమకాల లీడ్‌కి వద్దు.

రెండు చేతుల పియానో వాయింపు మీ పనిలో భాగమైతే 49 కొనండి, పెడల్ జాక్ ఉన్నదే చూడండి. లీడ్‌లు, బేస్, డ్రమ్స్ వరకే అయితే ముందు కొనాల్సింది ఆడియో ఇంటర్‌ఫేస్.