మన డీఎన్ఏలో ఉన్న పాత వైరస్‌లు రోగానికి దోషులా, ఊరికే సాక్షులా?

కొల్లేరు కొంగ:
అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. మా పెదనాన్నకి పోయినేడాది ఏఎల్ఎస్ అని తేలింది, కండరాలని కదిలించే నరాల కణాలు చచ్చిపోయే జబ్బు. మొదట్లో నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయేది, అరిగిపోయిందిలే అని కొత్తవి కొన్నాం, అవీ జారాయి. తర్వాత చొక్కా గుండీలు వేళ్లకి చిక్కేవి కాదు. ఇప్పుడు మజ్జిగన్నం మింగినా పొలమారుతోంది. రిలుజోల్ వాడుతున్నాం, అది కొన్ని నెలలు కలుపుతుంది అంతే అని డాక్టరుగారే చెప్పేశారు.

ఆ దిగుల్లో నిద్రపట్టక చదవడం మొదలుపెట్టాను. రెట్రోవైరస్‌లు అంటే హెచ్‌ఐవీ జాతివి, అవి తమ ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చుకుని మన కణం డీఎన్ఏలోకి అతుక్కుపోతాయి. ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద మన పూర్వీకుల అండంలోనో వీర్యకణంలోనో అలా అతుక్కున్నవి అక్కణ్ణించి తరతరాలకీ వారసత్వంగా వచ్చేశాయి. మనిషి జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏలో, దాదాపు 8 శాతం ఇవేనంట, ప్రొటీన్లు తయారుచేసే భాగం చూస్తే 1.5 శాతం దగ్గర! వీటిని హెర్వ్‌లు అంటారు. 2015లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో అవీంద్ర నాథ్‌గారి టీమ్, ఏఎల్ఎస్‌తో చనిపోయినవాళ్ల మెదడులో హెర్వ్-కె అనే పాత వైరస్ మళ్లీ లేచి పనిచేస్తోందని చూపించారు. దాని పైపొర ప్రొటీన్ ఒక్కటి ఎలుకల్లో తయారయ్యేలా చేస్తే వాటికీ కదలికలు దెబ్బతిన్నాయి. తర్వాత ఆస్ట్రేలియాలో 40 మంది రోగులకి హెచ్‌ఐవీ మందులు 24 వారాలు ఇచ్చి చూశారు, లైట్‌హౌస్ ట్రయల్ అని, జబ్బు కొందరిలో నెమ్మదించినట్టే కనిపించింది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టేశారు కదా, మరి ఆ మందు అందరికీ ఎందుకివ్వరు? నా మాట సూటిగా చెప్తున్నా, ఇవి దోషులే. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

పైపెట్ బాబు:
అన్నా, మీ పెదనాన్నగారి సంగతి చదివి మనసు బాధపడింది. నేను మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా, రోజూ ఇలాంటి డేటాతోనే పని, అందుకే ఉన్నదున్నట్టు చెప్తా.

మా ఊళ్లో వానల్లేకపోతే రోకలికి కప్పని కట్టి వేపమండలు పెట్టి ఊరంతా తిప్పేవాళ్లు, కప్పతల్లి ఆట అని మీకూ తెలిసే ఉంటుంది. వానా కప్ప అరుపూ కలిసే వస్తాయి, నిజమే, కానీ అరుపు వల్ల వాన రాదు. హెర్వ్-కె విషయంలో నా అనుమానం అదే. ఈ పాత వైరస్ ముక్కల్ని మన కణం మామూలుగా మిథైల్ అనే రసాయన గుర్తులు వేసి, డీఎన్ఏని గట్టిగా చుట్టిపెట్టి, నోరెత్తకుండా ఉంచుతుంది. ఏఎల్ఎస్‌లో దాదాపు అన్ని కేసుల్లోనూ టీడీపీ-43 అనే ప్రొటీన్ న్యూక్లియస్ వదిలేసి బయట గడ్డకడుతుంది, దాంతో ఆ కట్లు కూడా వదులవుతాయి. కణమే చచ్చిపోతుంటే కాపలా ఎవరు కాస్తారు? వైరస్ లేచింది కాబట్టి కణం చచ్చిందా, కణం చస్తోంది కాబట్టి వైరస్ లేచిందా, చనిపోయాక తీసిన మెదడు ముక్క చూసి ఇది తేల్చలేం.

ఇంకోటి, 2018, 19ల్లో వేరే ల్యాబులు ఇదే కొలిచి చూస్తే ఏఎల్ఎస్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా దొరకలేదు. హెర్వ్-కె కాపీలు జీనోమ్‌లో చాలా చోట్ల ఉంటాయి, ఒకదానికొకటి కవలపిల్లల్లా ఉంటాయి, ఏ కాపీ నించి ఆర్ఎన్ఏ వచ్చిందో చెప్పడమే కష్టం. శాంపిల్లో పిసరంత డీఎన్ఏ మిగిలిపోయినా టెస్టు పాజిటివ్ అంటుంది, ఎందుకంటే ఆ వరస ప్రతి మనిషి డీఎన్ఏలో ఉండేదే కదా. లైట్‌హౌస్ 40 మందిలో ప్లాసిబో గ్రూపే లేదు, అంటే పోల్చి చూడ్డానికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లే లేరు, మందు భద్రమా కాదా చూడ్డానికి పెట్టిన ట్రయల్ అది.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే మా ఫీల్డ్ ఒకసారి ఘోరంగా దెబ్బతింది. 2009లో సైన్స్ పత్రికలో, క్రానిక్ ఫెటీగ్ (ఎంతకీ తగ్గని విపరీతమైన నీరసం) రోగుల్లో 67 శాతం మందికి ఎక్స్ఎంఆర్‌వీ అనే రెట్రోవైరస్ ఉందని పేపర్ వచ్చింది. ఏళ్లతరబడి "నీకేం లేదు, అంతా నీ భ్రమ" అనిపించుకున్న రోగులు, ఇన్నాళ్లకి కారణం దొరికిందని ఏడ్చారు. కొందరు హెచ్‌ఐవీ మందులు వేసుకున్నారు కూడా. తీరా చూస్తే ఆ వైరస్ 1990ల్లో ల్యాబులో పుట్టింది! మనిషి ప్రోస్టేట్ గడ్డ ముక్కని ఎలుకల్లో పెంచుతుంటే, ఎలుక జీనోమ్‌లోని రెండు పాత వైరస్ ముక్కలు కలిసి కొత్తదైంది, అక్కణ్ణించి ల్యాబుల్లో శాంపిళ్లకి అంటుకుంది. 2011లో పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఆ రోగులు మళ్లీ మొదటికొచ్చారు అన్నా, నాకు అదే గుర్తొస్తుంది.

ఓరుగల్లు సిస్టర్:
నేను లేబర్ రూంల స్టాఫ్ నర్సును, పదకొండేండ్ల నుంచి. మీ ఇద్దరి మాటలు చదివిన, ఒకరు దొంగ అంటున్నరు, ఇంకొకరు కప్ప అంటున్నరు, గని ఇవి లేకపోతే మనమెవ్వరం పుట్టకపోదుమనే ముచ్చట ఎవ్వరు చెప్తలేరు.

కాన్పైనంక మాయ పడితే దాన్ని ట్రేల వెట్టి, నెత్తురు గడ్డలు తుడిచి, బోర్లేసి, ఒక్కొక్క తునక అతికి చూస్తం, ఏదన్న ముక్క లోపట ఉండిపోతే తల్లికి బ్లీడింగ్ ఆగదు. అరకిలో ఉంటది చేతిల, గోరువెచ్చగ. దాని లోపల చిన్న చిన్న కొమ్మలుంటయి, ఆ కొమ్మల మీద ఉండే పొరల కణాలకు నడుమ గోడలుండయి, అన్నీ కలిసి ఒక్కటే పొర అయితయి. తల్లి రక్తం దాని బయటనే ఉంటది, బిడ్డకు కావాల్సిందంత దాంట్ల నుంచే పోతది. ఆ కణాలను గట్ల కలిపే ప్రొటీన్ పేరు సిన్సిటిన్-1. 2000ల తెలిసింది, అది 7వ క్రోమోజోమ్ మీద ఉన్న హెర్వ్-డబ్ల్యూ అనే పాత వైరస్ పైపొర ప్రొటీనే అని. వైరస్ మన కణంల దూరెటందుకు వాడుకున్న పనిముట్టుతోనే కణం కణం కలుస్తున్నయి. సిన్సిటిన్-2 ఇంకో వైరస్‌ది. ఎలుకలకు వేరే వైరస్‌ల నుంచి వచ్చిన సిన్సిటిన్-ఏ, బి ఉన్నయి, 2009ల సిన్సిటిన్-ఏ జీన్ తీసేసి చూస్తే పిల్లలు కడుపులనే సచ్చిపోయినయి.

నేను మీటింగ్‌ల ఈ సంగతి విన్న తెల్లారి డ్యూటీల మాయను పట్టుకుంటే నా చేతులు కొద్దిసేపు ఆగినయి. అందుకే చెత్త, దొంగ అని ఒక్క మాటల కొట్టెయ్యకున్రి తమ్మీ.

కొల్లేరు కొంగ:
అక్కా, చాలా బాగా చెప్పారు, కాదనను. కానీ అది ఎప్పుడో రెండున్నర కోట్ల ఏళ్ల కింద దూరిన వైరస్ చేసిన మేలు. మా పెదనాన్న ఇవాళ గ్లాసు ఎత్తలేకపోతున్నారు. పైగా మీరన్న ఆ హెర్వ్-డబ్ల్యూ కుటుంబాన్నే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే మెదడు, నరాల జబ్బుకి కారణం అంటున్నవాళ్లు ఉన్నారు, ఫ్రాన్స్‌లో ఎర్వే పెరాన్ అనే ఆయన 1989 నుంచీ ఇదే చెప్తున్నారు. ఒకచోట మేలు చేసింది కాబట్టి ఇంకోచోట కీడు చెయ్యదనేముంది? ఏకు మేకై కూర్చోవడం అంటే ఇదే కదా.

బ్రిస్బేన్ బాబాయ్:
మేలా కీడా అంటున్నారు కదా, నాకు కనబడుతున్నది చెప్తాను. ఇక్కడ కోలాల రెస్క్యూ వాళ్లతో శని ఆదివారాలు వాలంటీరుగా వెళ్తుంటాను. మనం ఈ వైరస్‌లు దూరడం కోట్ల ఏళ్ల కిందటి కథ అనుకుంటున్నాం, కోలాలకి అది ఇప్పుడు జరుగుతోంది. కోలా రెట్రోవైరస్ అని, క్వీన్స్‌లాండ్‌లో దాదాపు ప్రతి కోలా డీఎన్ఏలోనూ ఉంది, పుట్టుకతోనే వస్తుంది. దక్షిణాన విక్టోరియా వైపు వెళ్తే అన్నింటిలో ఉండదు, అంటే ఉత్తరం నుంచి ఇంకా పాకుతోంది అన్నమాట. 2006లో రేచల్ టార్లింటన్ వాళ్లు నేచర్‌లో రాశారు.

దీని ధర ఏంటంటే ల్యుకీమియా, లింఫోమా అనే రక్త క్యాన్సర్లు. క్లామిడియా అనే బాక్టీరియా జబ్బు కూడా ముదురుతుంది అంటారు. పోయిన నెల ఒక ఆడ కోలాని తువ్వాల్లో చుట్టి బుట్టలో తెచ్చారు, కళ్లు పుసికట్టి మూసుకుపోయాయి, ఎముకలు చేతికి తగులుతున్నాయి, నా వేలు పట్టుకుని వదల్లేదు. రక్తం టెస్టులో ల్యుకీమియా అని వచ్చింది, బాధపడకుండా ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చేశారు. సిస్టర్ గారు చెప్పిన మాయ కథ నాకూ ఇష్టమే, కానీ ఆ మేలు చేతికొచ్చేలోపు ఎన్ని తరాలు ఇలా రాలిపోయి ఉంటాయో అని ఆ రాత్రంతా అదే ఆలోచన.

తణుకు హేచరీ:
ఆయ్, నేను సైన్సు చదువుకోలేదండి, హేచరీలో సూపర్‌వైజర్ని. కానీ ఈ విషయం మా పనిలోనే ఉందండి. కొన్ని బ్రీడుల్లో పుట్టిన రోజునే కోడిపిల్ల రెక్క విప్పి చూసి పుంజా పెట్టా చెప్పేస్తాం. రెక్కమీద రెండు వరసల ఈకలుంటాయి, కింద వరస పొడుగ్గా ఉంటే పెట్ట, రెండూ సమానంగా ఉంటే లేకపోతే పైవరసే పొడుగైతే పుంజు. ఈకలు నిదానంగా వచ్చే లక్షణం తల్లి నుంచి కొడుకులకి పోవడం వల్ల ఇలా తేడా తెలుస్తుంది. మా కంపెనీకి వచ్చిన వెటర్నరీ డాక్టరుగారు చెప్పారు, ఆ లక్షణం పక్కనే కోడి డీఎన్ఏలో ఈవీ-21 అని ఒక పాత వైరస్ అతుక్కుని ఉందంట.

అసలు సంగతి ఇదండి. ఆ పాత వైరస్ ఉన్న పెట్టలు దాన్ని గుడ్డు ద్వారా పిల్లలకి అంటించగలవు. గుడ్డులో ఉండగానే దాన్ని చూసిన పిల్ల ఒంటికి అది సొంతమనిషిలా అనిపిస్తుంది, ఎదిరించదు. తర్వాత బయట్నించి దాని చుట్టం, నిజంగా జబ్బు చేసే ల్యూకోసిస్ వైరస్ వస్తే దాన్నీ సరిగ్గా ఎదిరించలేదు. కోస్తే లివర్ ఇంత ఉబ్బి తెల్లటి గడ్డలతో ఉంటుంది. అంటే పాత వైరస్ తనంతట తానే చంపలేదండి, దొంగకి తలుపు తీసింది. మీరు దోషా సాక్షా అని రెండే పెట్టారు, మూడోది కూడా ఉంది కదండీ.

పైపెట్ బాబు:
హేచరీ గారూ, ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా పనికొచ్చే పోస్టు మీది. నేను నా మాట కొంచెం సవరించుకుంటున్నా. కోడిలో రుజువైంది ఎందుకంటే ఆ వైరస్ ఉన్న కోళ్లనీ లేని కోళ్లనీ పక్కపక్కన పెంచి చూడొచ్చు, మనుషుల్లో అలా కుదరదు.

ఎంఎస్‌లో కూడా తలుపు తీసే కథే జరుగుతోందేమో. 2022లో అమెరికా సైనికులు కోటి మందికి పైగా రక్తం నమూనాల రికార్డు చూస్తే, ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకాక ఎంఎస్ రిస్కు 32 రెట్లు పెరిగింది. ఆ ఎప్‌స్టీన్ బార్ వైరస్ కణంలోకి వెళ్లి నిద్రపోతున్న హెర్వ్‌లని లేపగలదని 2001 నుంచే తెలుసు. ఇక్కడ వరస తిరగబడింది చూడండి, బయటివాడు వచ్చి ఇంట్లోవాణ్ణి లేపుతున్నాడు. అయితే హెర్వ్-డబ్ల్యూ ప్రొటీన్ని అడ్డుకునే టెమెలిమాబ్ అనే యాంటీబాడీని 270 మందికి పైగా ట్రయల్ చేస్తే, అనుకున్న మెయిన్ టార్గెట్ అందలేదు, మెదడు కుంచించుకుపోవడం కొంచెం తగ్గిన సూచనలు మాత్రం వచ్చాయి. ఆ సూచనల్ని నేను కొట్టిపారెయ్యను, అలాగని దోషి దొరికాడనీ అనను.

కొల్లేరు కొంగ:
బాబూ, నువ్వు చెప్పేదంతా బుర్రకెక్కుతోంది, గుండెకెక్కట్లేదు. ఈ జబ్బు వచ్చాక చాలామంది బతికేది రెండు నుంచి ఐదేళ్లు. మందులు షాపులో ఉన్నాయి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఏళ్లతరబడి వాడుతున్నారు, పోయేదేముంది, ప్రయత్నిస్తే తప్పేంటి? ఒకచోట "జీన్ వైరస్ క్లీనింగ్" అని మూడు లక్షలు అడిగారు, అది మోసమని నాకూ అర్థమైంది, దాని గురించి కాదు నేనడిగేది. మామూలు మాత్రల గురించి.

ఓరుగల్లు సిస్టర్:
తమ్మీ, పోయేదున్నది, అందుకే చెప్తున్న, కోపానికి రాకు. ఆ ట్రయల్‌ల ఇచ్చింది మూడు మందులు కలిసిన మాత్ర, అబాకవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్. అబాకవిర్ కొందరికి పడనే పడదు, హెచ్ఎల్ఏ బి 5701 అనే జీన్ రకం ఉన్నోళ్లకు జ్వరం, దద్దులు, ఊపిరాడకపోవుడు, ప్రాణం మీదికి వస్తది, గందుకే ముందు రక్తపరీక్ష చేస్తరు. హెపటైటిస్ బి ఉన్నదని తెల్వక లామివుడిన్ వేసుకుని నడుమల ఆపితే లివర్ ఒక్కసారి దెబ్బతింటది. మీ పెదనాన్నకు ఇప్పటికే మింగుడు కష్టం, ఊపిరి బలం తగ్గుతది. రిలుజోల్‌కు కూడ లివర్ పరీక్షలు చేపిస్తున్రు కదా? రెండు కలిపి లివర్ మీద పడితే ఏ మందు వల్ల అయిందో కూడ తెల్వదు.

నేను వద్దనను, ఒక్కళ్లే వేసుకోకున్రి అంటున్న. న్యూరాలజిస్టును అడుగున్రి, ట్రయల్ ఏదన్న ఉన్నదా అని. ముందుగాల మింగుడు గురించి స్పీచ్ థెరపిస్టుకు చూపియ్యున్రి, ఇది రేపే. నీళ్లు పల్సగ ఉంటయి కాబట్టే ఎక్కువ పొలమారుతయి, మజ్జిగకు బదులు గట్టి పెరుగు ఇయ్యున్రి, గదుమ కొద్దిగ కిందికి వంచి మింగమనున్రి.

కొల్లేరు కొంగ:
అక్కా, గదుమ వంచి మింగించాం. ఇవాళ నాలుగు చెంచాల పెరుగన్నం పొలమారకుండా తిన్నారు, పెద్దమ్మ గిన్నె తెచ్చి చూపించి మరీ ఏడ్చింది. మంగళవారం న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ ఉంది. బాబూ, హెర్వ్-కె దోషి కాదని నేనింకా ఒప్పుకోవట్లేదు, కానీ హేచరీ గారి కోడిపిల్ల నా బుర్రలోంచి పోవట్లేదు. డాక్టరుగారిని అడగాల్సినవి రాసుకుంటున్నాను. హెపటైటిస్ బి టెస్టు, ఆ 5701 టెస్టు, ట్రయల్ ఉంటే అందులో ప్లాసిబో గ్రూపు ఉందా. ఇంకేమన్నా ఉంటే సోమవారం రాత్రిలోపు ఇక్కడ రాయండి.