చతుష్పాత్తు, పశువు: ఈ రెండూ ఒకటేనా?

చతుష్పాత్తు, చతుష్పాదం అన్న రూపాల్లో ఏది సాధువో, దాన్ని పశువుకు పర్యాయపదంగా వాడవచ్చునో లేదో చెప్పమని మిత్రులు అడిగారు. రూపాలు రెండూ సాధువులే. పశువుకు పర్యాయపదంగా మాత్రం వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

బహువ్రీహి సమాసంలో సంఖ్యావాచకం తరువాత వచ్చే పాద శబ్దం తుది అకారాన్ని కోల్పోతుందని పాణిని ‘సంఖ్యాసుపూర్వస్య’ అన్న సూత్రంలో విధించాడు. అందువల్ల నాలుగు పాదాలు గలది సంస్కృతంలో చతుష్పాత్ అయింది. విద్యుత్ విద్యుత్తుగా, జగత్ జగత్తుగా మారినట్టే అది తెలుగులో చతుష్పాత్తు అయింది. అకారాంతమైన చతుష్పాద రూపం సంస్కృతంలోనూ ఉన్నది కనుక చతుష్పాదం అన్నా దోషం లేదు. ‘చతుస్పాదం’ అని సకారంతో రాయడం మాత్రం తప్పే. దుష్పరిణామం, చతుష్పథం అన్న మాటల్లో లాగే ఇక్కడా షకారమే రావాలి.

ఇక అర్థం. పురుషసూక్తానికి ముందు చదివే శాంతిమంత్రంలో ‘శం నో అస్తు ద్విపదే, శం చతుష్పదే’ అని వింటాము. రెండు కాళ్ళ ప్రాణులకూ నాలుగు కాళ్ళ ప్రాణులకూ మేలు కలగాలని ఆ ప్రార్థన. అది వినగానే ఇంటి గోసంపద మనసులో మెదిలినా, మాట చెబుతున్నది కాళ్ళ లెక్కను మాత్రమే. ఆ లెక్కలో ఆవుతోపాటు పులీ, కుందేలూ, తొండా కూడా చేరతాయి.

పశువు సంగతి వేరు. పల్లెలో ‘పశువులకు మేత వేశారా’ అని అడిగితే ఆవులు, ఎద్దులు, గేదెల గురించే అడిగినట్టు. గొర్రెలనూ మేకలనూ చాలాచోట్ల జీవాలంటారు. వాకిట్లో పడుకున్న కుక్కకూ నాలుగు కాళ్ళే ఉన్నా దాన్ని పశువుల లెక్కలో ఎవరూ వేయరు. అంటే తెలుగులో పశువు అన్న మాట మనిషి సాకి, పాడికో సేద్యానికో వాడుకునే ప్రాణికి కట్టుబడిపోయింది. మృగం అన్న మాట ఇంకోలా మారింది: సంస్కృతంలో జింకకూ, సామాన్యంగా జంతువుకూ చెల్లిన ఆ పదం మన వాడుకలో అడవిలోని క్రూరజంతువు మీదికి వాలింది, మృగశిర, మృగనయని వంటి సమాసాల్లో మాత్రం జింక ఇంకా నిలిచి ఉంది.

పంచాంగం చూసే అలవాటున్నవారికి చతుష్పాత్తు కొత్త మాట కాదు. తిథిలో సగభాగాన్ని కరణం అంటారు. పదకొండు కరణాల్లో స్థిరమైనవి నాలుగు, వాటిలో ఇదొకటి. అమావాస్య తిథి పూర్వార్ధంలో వస్తుంది.

పాఠాలు రాసేవారు ఒక్క విషయంలో జాగ్రత్త పడాలి. జంతుశాస్త్రంలో చతుష్పాదులు అన్నప్పుడు నాలుగు కాళ్ళ మీద నడిచేవని అర్థం కాదు, కాళ్ళ వంటి నాలుగు అవయవాలున్న పూర్వజీవుల సంతతి అని అర్థం. అందుచేత ఆ వర్గంలో కప్పతోపాటు కాకీ, కాళ్ళే లేని పామూ, మనిషీ ఉంటారు. ఆ అర్థంలో వాడినప్పుడు మొదటి వాక్యంలోనే నిర్వచనం ఇవ్వకపోతే, పాము ఆ జాబితాలోకి ఎలా వచ్చిందో పిల్లలకు అర్థం కాదు.