సావర్ 38హెచ్‌ను కాల్చాలా, బీరువాలో దాచాలా?

డాలస్ వాసి: గత నెల ఇక్కడి గన్ షోలో సావర్ 38హెచ్ పిస్తోలు ఒకటి కొన్నాను. జర్మనీలోని సూల్ పట్టణంలో 1938 నుంచి 1945 వరకు తయారైన 7.65 మి.మీ. ఆయుధమిది. తూటాను పేల్చే సుత్తి, పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్ లోపల దాగి ఉంటుంది కనుక, దానిని దించడానికీ ఎక్కుపెట్టడానికీ బొటనవేలికి అందేలా ఎడమవైపు ఒకే మీట అమర్చారు. దించిన సుత్తిని ఆ మీటతో మళ్లీ ఎక్కుపెట్టవచ్చు, లేదా ట్రిగ్గర్‌ను బలంగా లాగి నేరుగా కాల్చవచ్చు. 1929లో వాల్తర్ పీపీ పిస్తోలుతో మొదలైన డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ లాగితేనే సుత్తి లేచి పేలే పద్ధతి) దారిలో ఇంత తెలివైన అమరిక మరొకటి నాకు కనబడలేదు. దీనిని కాల్చకుండా ఉంచడం వీణకు గలీబు తొడిగి మూల పెట్టడమే కదా?

పాత ఇనుము: ఆ దారి వాల్తర్‌తో మొదలు కాలేదండీ. చెక్ రూపకర్త అలోయిస్ టొమిష్కా పిస్తోలు ‘లిటిల్ టామ్’ అంతకుముందే ఉంది. ఇక కాల్చడమంటారా, వాల్తర్‌కు దొరికినంత సులభంగా సావర్‌కు విడిభాగాలు దొరకవు. నా చెక్ పిస్తోలు సీజెడ్ 38ను ఒక మిత్రుడు ముచ్చటపడి కాల్చగా, తూటాను గుద్ది పేల్చే ఫైరింగ్ పిన్ విరిగింది, రెండేళ్లు వెతికాను.

మూడో బెంచీ: స్ప్రింగ్ మార్చి నాలుగు తూటాలు కాలిస్తే కొంప మునగదు.

డాలస్ వాసి: లిటిల్ టామ్ సంగతి నాకూ తెలుసు. విజయవంతంగా అమ్ముడైనది వాల్తర్ కనుక అలా రాశాను.

పాత ఇనుము: ‘విజయవంతంగా’ అన్న మాట మీ మొదటి టపాలో లేదు. ‘మొదలైన’ అని రాశారు.

హైదరాబాదీ: మా నాన్నగారి వాల్తర్ పీపీ, .32 బోరుది, డీలరు దగ్గర డిపాజిట్‌లో ఉంది. కారణం, మన ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక లైసెన్సుదారుకు మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది; వారసత్వంగా వచ్చినవైనా ఆ రెండులోనే ఇమడాలి. మొన్న వెళ్లి చూస్తే స్లైడ్ మీద, సరిగ్గా ముద్ర ఉన్నచోట, తుప్పు మచ్చ పడింది. నూనె చుక్క పూసిన నాథుడు లేడు.

డాలస్ వాసి: బాధాకరమే కానీ, నా ప్రశ్నకు ఇది జవాబు కాదు.

హైదరాబాదీ: కాల్చాలా వద్దా అన్న మీమాంస వస్తువు చేతిలో ఉన్నవారికే పుడుతుంది. వీణ, గలీబు అంటూ ఉపమానాలు చెప్పేవారికి ఆ మచ్చ కనబడదు.

పాత ఇనుము: అయ్యా, మీ ఇద్దరి మీదా నాకు కోపం లేదు. నా దగ్గరున్న పదకొండు పిస్తోళ్లనూ నా తర్వాత మా పిల్లలు వారం తిరక్కుండా అమ్మేస్తారు. కొనేవాడికైనా అవి చెక్కుచెదరకుండా అందాలని దాస్తున్నాను.

డాలస్ వాసి: అసలు తేడా అక్కడుంది. మీరు రాబోయేవాడి కోసం దాస్తున్నారు, నేను నా కోసం కొన్నాను. స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్ కొత్తది వేయించి ఒక్క మ్యాగజైన్, ఎనిమిది తూటాలు, కాలుస్తాను.

మూడో బెంచీ: ఫోటోలు పెట్టండి.

హైదరాబాదీ: తుప్పు మచ్చకు సన్నని స్టీల్ ఊలు, నూనె వాడితే నల్లపూత పోతుందా? డీలరు నన్ను ముట్టుకోనిస్తే ఆదివారం వెళ్తాను.

పాత ఇనుము: మెల్లగా రుద్దితే పోదు, ముందు గ్రిప్ కింద, కనబడనిచోట ప్రయత్నించండి. డాలస్ వారు మాత్రం మొదటి టపా సవరించలేదు. టొమిష్కాదే ముందు.