మిగిలిన మాంసంతో టకీటోస్: చుట్టేటప్పుడు పగుళ్లు, వేయించిన ఐదు నిమిషాలకే మెత్తన

ప్లానో వంటిల్లు
రొటిస్సెరీ చికెన్ (కమ్మీకి గుచ్చి తిప్పుతూ కాల్చిన కోడి) మిగిలింది, ఎముకలు తీసేస్తే 350 గ్రాముల దాకా ఉంటుంది. టకీటోస్, అంటే కూర పెట్టి సన్నటి గొట్టంలా చుట్టి వేయించే మెక్సికో వంటకం, చేద్దామంటే మూడు చోట్ల దెబ్బతింటోంది. ఒకటి, మొక్కజొన్న టోర్టియా (మెక్సికో పల్చటి రొట్టె) చుట్టేటప్పుడే నిలువునా పగులుతోంది. రెండు, నూనెలో వెయ్యగానే విప్పుకుని లోపలి కూరంతా బయటపడుతోంది. మూడు, తీసిన ఐదు నిమిషాలకే మెత్తబడిపోతోంది. టోర్టియాలు 6 అంగుళాలవి, పసుపు రకం. ఇనప మూకుడు, ఎయిర్ ఫ్రయ్యర్ ఉన్నాయి, థర్మామీటర్ లేదు. మటన్ కూర కూడా ఓ గిన్నెడు మిగిలింది, అదీ పనికొస్తుందా? కొలతలతో చెప్పగలరు.

నూనెమూకుడు
మూడిటికీ కారణాలు వేరండీ. పగుళ్లతో మొదలుపెడదాం.

మొక్కజొన్నకి గోధుమలో ఉండే జిగురు లేదు. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు కాబట్టే ఆ మాత్రమైనా అతుక్కుని రొట్టె అవుతోంది. అలా ఉడికించి నానబెట్టిన గింజల్ని మెక్సికోలో నిష్తమాల్ అంటారు. అలా చేసిన టోర్టియా ఫ్రిజ్‌లోకి వెళ్లాక, చద్దన్నం మెతుకు గట్టిపడ్డట్టు అదీ బిగుసుకుంటుంది. చల్లారిన జొన్నరొట్టె మడిస్తే ఏమవుతుందో తెలుసుగా, ఇదీ అంతే. మళ్లీ వేడి చేస్తే వంగుతుంది గానీ ఒకటి రెండు నిమిషాలే. ఒకేసారి పన్నెండు వేడిచేసి వరసగా చుడుతూ కూర్చుంటే ఆరోదానికే పగుళ్లు మొదలవుతాయి.

అందుకని మూకుట్లో రెండు చెంచాల (చెంచా అంటే టేబుల్‌స్పూను) నూనె వేసి మధ్యస్థంగా కాగనిచ్చి, ఒక్కో టోర్టియాని అటు 4 సెకన్లు, ఇటు 4 సెకన్లు ముంచి తీయండి. పట్టకారుతో ఎత్తితే తడిగుడ్డలా వేలాడాలి. అంచులు పైకి లేచి గరుకైతే ఎక్కువసేపు ఉంచినట్టే, అది ఇక చుట్టుకోదు. తీసినవాటిని పళ్లెంలో ఒకదానిమీద ఒకటి పేర్చి గుడ్డ కప్పండి. నాలుగు ముంచి, నాలుగు చుట్టి, మళ్లీ నాలుగు ముంచండి.

ఇక కూర. అసలు గొడవంతా ఇక్కడే. తడి ఉన్న కూర లోపల ఆవిరై టోర్టియాని లోపలినుంచి నానబెడుతుంది. పైన ఎంత ఎర్రగా వేగినా ఐదు నిమిషాల్లో మెత్తబడేది అందుకే. కొవ్వు ఉంటే ఫర్వాలేదు, నీరే ఉండకూడదు. మీ 350 గ్రాముల చికెన్‌కి ఈ కొలత:

చెంచా నూనెలో సగం ఉల్లిపాయ సన్నగా తరిగి వేగనివ్వండి, 2 వెల్లుల్లి రెబ్బలు, టీస్పూను జీలకర్ర పొడి, టీస్పూను చిల్లీ పౌడర్, చెంచా టొమాటో పేస్టు. పేస్టు రంగు ముదిరేదాకా వేయించి చికెన్ వెయ్యండి. ఉడికించి మెదిపిన బంగాళాదుంప ఒకటి, 120 గ్రాములు, కలపండి. మాంసం పీచుల్ని పట్టి ఉంచేది, మిగిలిన కాస్త తడినీ పీల్చేదీ ఈ దుంపే. ఉప్పు ఆఖర్న చూసుకోండి, రొటిస్సెరీ కోడిలో ముందే ఉంటుంది. మూకుడు అడుగున తడి కనపడకుండా అయ్యాక దించి గోరువెచ్చగా చల్లార్చండి. వేడివేడిగా చుడితే ఆవిరి, ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే చుడితే వేగే మూడు నిమిషాల్లో నడిమి భాగం వేడెక్కదు.

చికెన్ పీచులు రెండు సెంటీమీటర్లకి మించి పొడుగుండకూడదు. పొడుగ్గా ఉంటే కొరకగానే కూరంతా ఒకే తాడులా బయటికి వచ్చేస్తుంది, చేతిలో ఖాళీ గొట్టం మిగులుతుంది.

ఒక్కోదానికి 30 గ్రాములు, అంటే రెండు చెంచాలు. మీకు 15 దాకా వస్తాయి. మనవాళ్లు కాల్చే చుట్ట ఉంటుంది చూడండి, ఆ లావు చాలు. మిరపకాయ బజ్జీ అంత లావు చేస్తే విప్పుకుంటుంది.

కూరని మధ్యలో కాకుండా మీ వైపు అంచుకి రెండు వేళ్లు ఎడంగా, చివరిదాకా పరచండి. అంచుని కూర మీదికి మడిచి, వేళ్లతో వెనక్కి లాగి బిగించి, అప్పుడు ముందుకి దొర్లించండి. ఆ ఒక్క లాగుడులోనే ఉంది బిగువంతా. చుట్టినదాన్ని అతుకు కిందికి వచ్చేలా పళ్లెంలో పెట్టి 5 నిమిషాలు వదిలేస్తే ఆ ఆకారం పట్టుకుంటుంది.

గుంటూరుమిర్చి
నూనెలో ముంచడం మంచిదే, కాకపోతే నూనె రెండుసార్లు పడుతుంది. తడిపి పిండేసిన పేపర్ టవల్‌లో ఆరు టోర్టియాలు చుట్టి మైక్రోవేవ్‌లో 40 సెకన్లు పెట్టినా బాగా వంగుతాయి. పొగ వస్తుండగానే చుట్టెయ్యాలి, మిగతావాటిని టవల్ విప్పకుండా ఉంచాలి. తడి ఎక్కువైన టవల్ వాడితే మాత్రం టోర్టియా మీద నీటిపొర నిలిచి నూనెలో చిటపటలాడుతుంది, చేతులు కాలతాయి.

వేయించడం: 10 అంగుళాల మూకుడుకి 600 మిల్లీలీటర్ల నూనె పోస్తే వేలి కణుపు సగం లోతు ఉంటుంది, చాలు. వేరుశనగ నూనె గానీ కనోలా గానీ. నూనె 350 నుంచి 375 ఫారెన్‌హీట్, అంటే 177 నుంచి 190 సెల్సియస్ మధ్య ఉండాలి. థర్మామీటర్ లేదన్నారు కదా, గోరంత టోర్టియా ముక్క వెయ్యండి. అడుక్కి పోయి నింపాదిగా తేలితే ఇంకా కాగలేదు. పడీపడగానే చుట్టూ సన్నటి బుడగలతో తేలి, ముప్పావు నిమిషానికి ఎర్రబడితే సరిపోయింది. పది సెకన్లలో నల్లబడితే మంట తగ్గించి రెండు నిమిషాలు ఆగండి.

అతుకు కిందికి పెట్టి దింపండి, పట్టకారుతో పైనుంచి 20 లేక 30 సెకన్లు మెత్తగా అదిమి పట్టండి. విప్పుకునేది ఆ మొదటి అర నిమిషంలోనే. అతుకు గట్టిపడ్డాక వదిలేసినా కదలదు. మొత్తం 3 నుంచి 4 నిమిషాలు, ఒకసారి తిప్పితే చాలు. వాయికి నాలుగో ఐదో, అంతకు మించి వేస్తే నూనె చల్లారిపోయి టోర్టియా నూనె తాగుతుంది.

తీశాక పేపర్ మీద పడుకోబెట్టకండి. ఇవి గొట్టాలు, రెండు చివరల్లో నూనె నిలుస్తుంది. ఒక గిన్నెలో పేపర్ వేసి అందులో నిలబెట్టండి, అర నిమిషంలో కారాల్సింది కారిపోతుంది. తర్వాత వైర్ ర్యాక్ మీదికి. అడుగున గాలి ఆడకపోతే సొంత ఆవిరికే నానతాయి. అందరికీ ఒకేసారి వడ్డించాలంటే ర్యాక్‌తో సహా ఓవెన్‌లో 200 ఫారెన్‌హీట్‌లో ఉంచండి. మూత పెట్టకండి, ఫాయిల్ కప్పకండి.

ప్లానో వంటిల్లు
పేపర్ మీద గుట్టగా పోసి పైన ఫాయిల్ కప్పడమే జరుగుతోంది, దొరికింది దొంగ! టూత్‌పిక్ గుచ్చితే అదిమి పట్టే పని తప్పుతుందా?

నూనెమూకుడు
తప్పుతుంది. మూడింటిని పక్కపక్కన పెట్టి ఒకే పుల్ల గుచ్చేవాళ్లున్నారు, తిప్పడం సులువు. కాకపోతే ఒకదానికొకటి ఆనుకున్న చోట వేగదు, మధ్యలో చీపురుపుల్లంత సందు వదలండి. పుల్ల అతుకు గుండా పోవాలి, చెక్కదే అయ్యుండాలి. వేడి మీదే మెలితిప్పి లాగెయ్యాలి, చల్లారాక లాగితే పెంకు ఊడొస్తుంది. పిల్లలకి పెట్టేముందు ఎన్ని గుచ్చారో అన్నీ తీశారో లెక్క చూసుకోండి.

ఆదివారం కూర
మటన్ కూర గురించి. భేషుగ్గా పనికొస్తుంది గానీ ఉన్నదున్నట్టు కాదు. ముక్కల్ని ఇగురులోంచి ఏరి, ఎముకలు తీసి, వేళ్లతో విడదీయండి. కరివేపాకు, లవంగాలు, యాలకులు, చెక్క ఒక్కటీ మిగలకుండా తీసెయ్యాలి. అన్నంలో అయితే పక్కకి నెడతాం, గొట్టంలో ఉంటే పంటికిందే పడుతుంది. ఇగురుని విడిగా మూకుట్లో పోసి, గరిటె గీస్తే అడుగు కనపడి దారి మూసుకోనంత చిక్కగా దగ్గరపెట్టండి. అందులోంచి 300 గ్రాముల మాంసానికి మూడు చెంచాలు మించకుండా కలపండి. కొబ్బరి, జీడిపప్పు వేసిన ఇగురైతే ఒక చెంచాతో ఆపండి, అది చివరల్లోంచి కారి నూనెలో మాడి మిగతా వాయిలన్నిటికీ చేదు అంటిస్తుంది. మటన్‌కి దుంప ఇంకాస్త ఎక్కువ, 150 గ్రాములు వేసినా బాగుంటుంది.

పరీక్ష ఒకటే: పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు, చెయ్యి విప్పితే ముద్ద ముద్దగానే నిలవాలి.

ఎన్నాళ్లదో చూసుకోండి. వండిన మాంసం ఫ్రిజ్‌లో 3, 4 రోజులే అని అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. మళ్లీ వేడి చేసేటప్పుడు లోపల 165 ఫారెన్‌హీట్‌కి రావాలి. మూకుట్లో కూర పొగలు కక్కేదాకా వేడిచేసే పని అందుకే, నూనెలో వేగే కాసేపు మీద నమ్మకం పెట్టుకోకూడదు.

జొన్నరొట్టె
హైదరాబాద్ నుంచి అడుగుతున్నా. టోర్టియాలు లేవు, మక్క పిండి ఉంది. దాంతో రొట్టెలు చేసి చుట్టొచ్చా?

నూనెమూకుడు
చుట్టలేరండీ. మన మక్క పిండి సున్నంలో ఉడికించినది కాదు, చేసిన రొట్టె వేడి మీద కూడా విరుగుతుంది. టోర్టియాకి మాసా హరీనా అనే పిండి కావాలి, ప్యాకెట్ మీద ఆ మాట చూసుకుని కొనండి. అది దొరక్కపోతే పట్టుబట్టకుండా గోధుమ వైపు వెళ్లండి. సగం మైదా, సగం గోధుమపిండితో 7 అంగుళాల చపాతీలు వీలైనంత పల్చగా ఒత్తి, పెనం మీద వైపుకి 20 సెకన్లు మాత్రమే కాల్చండి, మచ్చలు పడకూడదు. చుట్టాక అంచుకి మైదా పేస్టు రాయండి, చెంచా మైదాకి రెండు చెంచాల నీళ్లు, సమోసాకి రాసినట్టే. నూనె కాస్త తక్కువ వేడిలో, 170 సెల్సియస్‌లో, ఒక నిమిషం ఎక్కువ వేయించండి. మొక్కజొన్న కరకర రాదు, పొరలు పొరలుగా పెళుసుగా వస్తుంది. అమెరికాలో చాలా హోటళ్లు ఫ్లౌతాస్ పేరుతో ఇచ్చేది ఈ గోధుమ రకమే. మెక్సికోలో మాత్రం ఫ్లౌతాస్ అన్నా పొడుగాటి మొక్కజొన్న టోర్టియాతోనే చేసే ఊళ్లున్నాయి. అన్నిటికీ కలిపి టాకోస్ దొరాదోస్, అంటే బంగారు రంగు టాకోలు అంటారు. పేర్ల దగ్గర కొట్టుకోవడం దండగ.

మాంసం తిననివాళ్లకి: వట్టి బంగాళాదుంప పెట్టి చేసేది మెక్సికోలో ఎప్పట్నుంచో ఉన్న రకమే, ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో ఇళ్లలో చేస్తారు. మన మసాలా దోశ కూర పెట్టినా టోర్టియా అభ్యంతరం చెప్పదు, ఉల్లిపాయలో తడి ఆరితే చాలు.

గుంటూరుమిర్చి
పచ్చడి లేకుండా టకీటోస్ ఏంటండీ. లాస్ ఏంజెలెస్ ఓల్వెరా వీధిలో 1934 నుంచి ఉన్న సియెలిటో లిందో అనే చిన్న అంగడి బీఫ్ టకీటోస్‌కి పేరుపడింది. వాటి మీద పోసేది గ్వాకమోలీ అనే చిక్కటి అవకాడో ముద్ద కాదు, మజ్జిగపులుసంత జారుగా ఉండే అవకాడో సాస్. ఆ తరహాది ఇంట్లో చేయాలంటే: 250 గ్రాముల టొమాటియోలు (టొమాటోలా కనిపించే పుల్లటి పచ్చ కాయలు), 2 సెరానో మిరపకాయలు నీళ్లలో రంగు మారేదాకా, 6, 7 నిమిషాలు ఉడికించండి. పూర్తిగా చల్లారాక ఒక అవకాడో, వెల్లుల్లి రెబ్బ, గుప్పెడు కొత్తిమీర, ఉప్పు, ఉడికిన నీళ్లు అరకప్పు వేసి తిప్పండి. వేడి మీద అవకాడో వేస్తే రంగు చెడి చేదు తగులుతుంది. టొమాటియోలు లేకపోతే పుల్లటి పచ్చి టొమాటోలు, సగం నిమ్మకాయ.

పైన సన్నగా తరిగిన లెట్యూస్, క్రీమా (మెక్సికో పుల్లటి మీగడ), కోతీహా అనే ఉప్పటి గట్టి చీజ్ పొడి. ఇవన్నీ తినే నిమిషంలోనే వెయ్యాలి. పార్టీకైతే విడిగా గిన్నెల్లో పెట్టండి.

ప్లానో వంటిల్లు
మైక్రోవేవ్ పద్ధతిలో చుట్టాను, ఒక్కటీ పగల్లేదు. పిడికిలి పరీక్షలో మొదట నీరు కారింది, ఇంకో నాలుగు నిమిషాలు మూకుట్లో ఉంచాక ఆగింది. ఆఖరి అనుమానం: ఎయిర్ ఫ్రయ్యర్‌లో ఎలా? సగం ఫ్రీజ్ చేసుకోవచ్చా?

ఆదివారం కూర
ఎయిర్ ఫ్రయ్యర్‌లో నూనె మానేస్తే కరకర రాదు, తోలులా సాగి పైన పెచ్చులు లేస్తాయి. బ్రష్‌తో అన్ని వైపులా, ముఖ్యంగా రెండు చివరలకీ నూనె రాయండి. 400 ఫారెన్‌హీట్, అతుకు కిందికి, మధ్యలో వేలు సందు, 8 నుంచి 10 నిమిషాలు, ఐదో నిమిషంలో తిప్పండి. నూనెలో వేగినదానంత గుల్లగా ఉండదు, అయినా సగం పేరు దక్కుతుంది. ఓవెన్ అయితే 425లో 18 నిమిషాలు, వైర్ ర్యాక్ మీదే.

ఫ్రీజ్ చేయాలంటే వేయించకముందే. చుట్టినవాటిని పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా గంటన్నర గడ్డకట్టించి, తర్వాత జిప్ సంచీలో వేసి గాలి తీసెయ్యండి, రెండు నెలలు నిలవుంటాయి. వండేటప్పుడు కరగనివ్వకండి, కరిగితే టోర్టియా తడిసి చిరుగుతుంది. గడ్డ మీదున్నవాటిని నూనెలో కంటే ఎయిర్ ఫ్రయ్యర్‌లో వేయడమే క్షేమం, 380లో 13, 14 నిమిషాలు. నూనెలోనే కావాలంటే పైనున్న మంచుపొడి దులిపి, ఒక్కొక్కటే పట్టకారుతో దింపండి, మంట మధ్యస్థంగా ఉంచి రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. ఒకదాన్ని విరిచి నడుమ వేడెక్కిందో లేదో చూశాకే మిగతావి తియ్యండి.