సోలార్, కూల్ రూఫ్ ఉన్న ఇల్లు అమ్ముతుంటే ధరలో ఎంత కలపొచ్చు?

ప్రశ్న

హైదరాబాద్ వనస్థలిపురంలో మా 200 గజాల ఇల్లు అమ్మకానికి పెట్టామండి. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్, మనం వాడగా మిగిలి గ్రిడ్‌కు వెళ్లే కరెంటును లెక్కగట్టే నెట్ మీటర్ ఉన్నాయి. మిగతా డాబా అంతా ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్. ఫ్యాన్లన్నీ తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీవే. నాన్నగారు ఎండాకాలం ఉక్కకు తట్టుకోలేకపోతుంటే ఒక్కొక్కటిగా చేయించాను. బ్రోకర్ మాత్రం "గజం రేటు చెప్పండి చాలు, పెయింటుకీ ఫ్యాన్లకీ ఎవరూ డబ్బులివ్వరు" అంటున్నారు. చూడటానికి వచ్చినవాళ్లు కూడా ఈస్ట్ ఫేసింగేనా, కృష్ణా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, కారు పడుతుందా అని అడుగుతున్నారు. కరెంటు బిల్లు ఎంతని ఒక్కరూ అడగలేదు. ఊరికే వదిలేయడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు (బ్యాంకు లోన్లకు ఇళ్ల విలువ కడుతుంటాను)

గజం రేటులో కలపకండి. మేం స్థలం విలువ, తరుగు పోను కట్టడం విలువ రాస్తాం. పెయింటు, ఫ్యాన్లు అందులో కనపడవు. లోన్ దాన్ని బట్టే వస్తుంది కాబట్టి, మీరు పైన అడిగేదంతా కొనేవాళ్లు సొంత డబ్బుతో కట్టుకోవాలి.

సోలార్ ధర మాత్రం విడిగా చెప్పండి. మన ఎండకు 3 కిలోవాట్ల మీద రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. ఏసీలు ఎక్కువ వాడే ఇంట్లో అవి పై స్లాబు (ఎక్కువ రేటు పడే) యూనిట్లనే తగ్గిస్తాయి, అందుకే బిల్లులో ఆదా బాగుంటుంది. అయితే కొత్తగా వేయించుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ. 78,000 సబ్సిడీ ఉంది. తెలిసినవాళ్లు అది పోను ఎంతవుతుందో లెక్కేసి, మీ ప్యానెళ్ల వయసు చూసి బేరమాడతారు. అంతకు మించి అడిగితే రాదు.

జవాబు (అల్వాల్ నుంచి)

మేం పోయిన ఎండాకాలమే కొన్నామండి. అందరూ ఆదివారం పొద్దున రమ్మంటారు, ఆ వేళలో ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది. మేం పట్టుబట్టి మధ్యాహ్నం మూడింటికి వెళ్లేవాళ్లం. రేటు తక్కువని ఒక ఇల్లు దాదాపు ఖాయం చేసుకున్నాక, పడమటి బెడ్‌రూం గోడ మీద చెయ్యి పెడితే కాలింది. ఇంట్లో చంటిపిల్ల ఉంది, వద్దనుకున్నాం. చివరికి కొన్న ఇంటికి కొంచెం ఎక్కువే ఇచ్చాం. వాళ్లు ఏడాది కరెంటు బిల్లులు, మే నెలతో సహా, చేతిలో పెట్టారు. మీరూ మధ్యాహ్నమే రమ్మని, పై గదిలో ఏసీ వేయకుండా కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండి. మే బిల్లు తీసి పెడతాను. ఇంకొక్క మాట, దక్షిణం వైపు ప్లాటు ఖాళీగా ఉంది. అక్కడ నాలుగంతస్తులు లేస్తే?

జవాబు (సోలార్ పని చేయిస్తాను)

చలికాలంలో ప్యానెళ్ల మీద నీడ పడొచ్చు, యూనిట్లు తగ్గుతాయి. కొనేవాళ్లకు ముందే చెప్పేయండి. ఇన్వర్టర్ వారంటీ కాగితాలు, నెట్ మీటర్ ఒప్పందం సేల్ డీడ్ కాగితాలతోపాటు ఇవ్వండి. సోలార్ మీద లోన్ మిగిలి ఉంటే అడ్వాన్సు తీసుకునేలోపే తీర్చేయండి.